ట్రాక్టరు ఇంజను ఆయిలులో నీరు చేరినపుడు

సార్వా నాట్లు మొదలైనది మొదలు డెల్టా ప్రాంతములో ట్రాక్టరుకు పొడినేల దొరకదు. దమ్ము చక్రములు తగిలించుకొని తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు బురదలో తిరుగును. రాత్రి ఏ గట్టుమీదనో కాలువ ఒడ్డుననో వానలో నిలిచియుండును. అట్టి రోజులలో ఒక ఉదయము ఆయిలు మట్టము చూచు పుల్ల బయటికి తీయగా, నల్లగా ఉండవలసిన ఆయిలు పాలు పోసిన కాఫీవలె కనిపించును. నాట్ల కూలీలు అప్పటికే చేనిగట్టున ఉందురు. కాలువ నీటి వంతు సాయంత్రముతో ముగియును. "ఈ పూటకు తోలేసి రేపు చూద్దాం" అని డ్రైవరు అనుట, యజమాని తల ఊపుట ఆ ఘడియలో సహజమే. కాని ఆయిలు ఖర్చుతో పోవలసిన వ్యవహారము క్రాంక్ షాఫ్టు దాక పోవుట ఆ ఒక్క పూటలోనే జరుగును.

ఆయిలు ఇంజనులో చేయు పని ఏమో తెలిసినచో ఈ తొందర ఎందుకో తెలియును. క్రాంక్ షాఫ్టు బేరింగులకు ఆనుకొని తిరుగుచున్నదని మనము అనుకొందుము. నిజమునకు అది ఆనుకొనదు. వెండ్రుక మందముకంటె పలుచని ఆయిలు పొరపై తేలుచు తిరుగును. నూనెకున్న జిగి నీటికి లేదు. బరువు పడిన చోట నీటిబొట్టు ఆ పొరను త్రుంచివేయగా లోహమునకు లోహము తగులును. అంతేగాక ఆయిలులో కంపెనీవారు కలిపిన రక్షక ద్రవ్యములు నీరు తగిలినచో విడిపోయి అడుగునకు దిగును. కాగితపు ఫిల్టరు తడిసి ఉబ్బి మూసికొనిపోవును. అపుడు ఫిల్టరులోని అడ్డుదారి తెరుచుకొని వడకట్టని మురికి ఆయిలే బేరింగులకు పోవును. "ఆయిలు ప్రెషరు ముల్లు సరిగానే ఉన్నది గదా" అని ధైర్యపడరాదు. పంపు నీళ్ళ ఆయిలును కూడ అంతే జోరుగా త్రోయును. ముల్లు పడిపోయి కనిపించునప్పటికి బేరింగు అరిగియే యుండును.

నీరు నిజముగా ఉన్నదా?

పాలరంగు కనిపించినచో సందేహము లేదు. కాని ఇంజను రాత్రంతా నిలిచియున్నపుడు నీరు ఆయిలుతో కలియక విడిగా అడుగున చేరి, పుల్లకు మామూలు ఆయిలే అంటవచ్చును. ఆయిలుకంటె నీరు బరువు. కావున దీనిని కనుగొనుట సులభము. ట్రాక్టరును చదునైన చోట రాత్రంతా నిలిపి, ఉదయము స్టార్టు చేయకముందే ఆయిలు చాంబరు అడుగున ఉన్న డ్రెయిన్ నట్టును కొద్దిగా మాత్రము వదులు చేయవలెను. కొలదిపాటి ఆయిలును ఒక గాజు గ్లాసులో పట్టవలెను. నీరున్నచో మొదట దిగునది నీరే. ఆయిలు మాత్రమే వచ్చినచో నట్టు బిగించివేయవచ్చును. ఇంకొక పరీక్ష పాతకాలపు మెకానిక్కులందరికి తెలిసినదే: వేడి చేసిన ఇనుప రేకుపై ఒక చుక్క ఆయిలు వేయుట. నీరున్న ఆయిలు తాలింపువలె చిటపటలాడును, లేనిది ఊరక పొగ చిమ్మును. ముఖము దూరముగా ఉంచుకొని, డీజిలు దగ్గర లేనిచోట మాత్రమే ఇది చేయదగును.

పుల్లమీద ఆయిలు శుభ్రముగా ఉండి, ఆయిలు పోయు మూత లోపలివైపు మాత్రము మీగడవంటి తెట్టు కనిపించుట కొందరిని భయపెట్టును. ఇది తరచుగా ఇంజను తనకు తాను పుట్టించుకొన్న నీరే. ఒక లీటరు డీజిలు మండినపుడు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టుననిన చాలమంది నమ్మరు. అందులో ఇంచుమించు అంతయు సైలెన్సరు గొట్టముద్వారా పోవును. కొద్దిపాటి మాత్రము పిస్టను రింగుల సందునుండి క్రిందికి దిగును. ఇంజను బాగుగా వేడెక్కినచో అదియు ఆవిరియై ఊపిరిగొట్టము గుండా వెళ్ళిపోవును. వేడెక్కనిచో లోపలనే చల్లబడి మూతకు పట్టును. ట్రాలీ జరుపుటకు అయిదు నిమిషములు, బ్యాటరీ చార్జికని పది నిమిషములు తిప్పి ఆపు ట్రాక్టర్లలో ఈ తెట్టు ఎక్కువ. మన ఎండలకు పనికిరాదని రేడియేటరు దగ్గర ఉండు థర్మోస్టాటును పీకివేయు అలవాటు కూడ దీనికి తోడగును. ఆ చిన్న పరికరము ఇంజనును వేడెక్కించునది కాదు, తగిన వేడికి త్వరగా చేర్చునది. దానిని తీసివేసినచో లాభము లేదు. ఇట్టి తెట్టునకు మందు ఒక గంటసేపు బరువుపై పని చేయించుటయే. తుడిచిన తరువాత తిరిగి రాకుండినచో దిగులు పడవలసినది లేదు.

ఎటునుండి వచ్చినది?

ఆయిలు మార్చి ఊరకుండుట సగము పని మాత్రమే. నీరు వచ్చిన దారి మూయనిచో కొత్త ఆయిలు నాలుగు రోజులకు మరల పాలగును. దారులు రెండు రకములు: బయటినుండి వచ్చునది, రేడియేటరు నీరు లోపలినుండి దిగునది. మొదట ఏది అని తేల్చుకొనుటకు రేడియేటరునే అడుగవలెను. చల్లారిన ఇంజనుపై మూత తీసి నీటి మట్టము గుర్తు పెట్టుకొనవలెను. ఎక్కడను కారుడు లేకుండ రేడియేటరు నీరు తగ్గుచు, చాంబరులో ఆయిలు మట్టము పెరుగుచున్నచో నీరు లోపలనే దిగుచున్నది. రేడియేటరు నీటిపై రంగురంగుల నూనె తెట్టు తేలినను, ఇంజను నడుచునపుడు బుడగలు ఎడతెగక వచ్చినను అనుమానము మరింత బలపడును. ఆయిలు మట్టము పెరిగినది గదాయని ప్రతిసారి నీరే అనుకొనరాదు. డీజిలు పంపు చెడి డీజిలు కూడ చాంబరులో దిగవచ్చును. అపుడు ఆయిలు పాలరంగు తిరుగక పలుచబడి డీజిలు వాసన కొట్టును. అదియు ప్రమాదమే గాని దాని చికిత్స వేరు.

రేడియేటరు మట్టము నిలకడగా ఉన్నచో నీరు పైనుండి వచ్చినట్లు. ఇందులో మొదటి నేరస్థుడు నిలువు సైలెన్సరు గొట్టము. ఆరుబయట వానలో నిలిచిన ట్రాక్టరు గొట్టములోనికి దిగిన నీరు, తెరుచుకొనియున్న వాల్వు గుండా సిలిండరులోనికి, అచటినుండి రింగుల సందున చాంబరులోనికి పోవును. మన గ్రామములలో గొట్టముపై పాత డబ్బా బోర్లించుట చూచి నవ్వువారున్నారు. ఆ డబ్బాను మించిన చవుక బీమా లేదు. దానిని తీయుట మరచి స్టార్టు చేసినచో ఎగిరి పడును, అంతే.

రెండవది కడుగుట. పని ముగించి వచ్చిన ట్రాక్టరు ఇంజను వేడిగా ఉండగనే నీటి సర్వీసింగుకు పెట్టి ఒత్తిడి పంపుతో కొట్టుదురు. చెరువు రేవు దగ్గర ఉన్నచో ఇరుసుల వరకు నీటిలోనికి దింపివేయుదురు. వేడి ఇంజను, వేడి గేరుపెట్టె ఒక్కసారిగా చల్లబడునపుడు లోపలి గాలి కుంచించుకొనిపోయి బయటినుండి పీల్చును. ఊపిరిగొట్టము, పుల్ల దూరు రంధ్రము, అరిగిన సీళ్ళు — ఎక్కడ సందు దొరికినచో అక్కడినుండి గాలికి బదులు నీరు లోపలికి పోవును. కావున అరగంటయైన చల్లారనిచ్చి, గాలి వడపోత డబ్బాకు, ఊపిరిగొట్టమునకు నీటిజల్లు తగులకుండ కడుగవలెను. అడుగున నూనె ఉండు పాత రకపు గాలి వడపోత గల ట్రాక్టర్లలో దమ్ము రోజులందు ఆ గిన్నెను దినము విడిచి దినమైనను విప్పి చూడవలెను. అందులో నీరు నిండినచో ఇంజను దానినే పీల్చుకొనును.

లోపలినుండి దిగు నీటికి కారణములు హెడ్ గ్యాస్‌కెట్టు, లైనరు అడుగు రబ్బరు రింగులు ముఖ్యమైనవి. కొన్ని ఇంజనులలో ఆయిలును నీటితో చల్లబరచు ఆయిలు కూలరు కూడ ఉండును. అందులో చిల్లిపడినను ఇదే ఫలము. మన ట్రాక్టర్లలో చాలవాటికి లైనరు చుట్టును నీరు నేరుగా తగులుచుండును. ఆ నీటిని క్రింది చాంబరులోనికి పోకుండ ఆపునవి లైనరు అడుగున ఉండు రెండు మూడు రబ్బరు రింగులే. ఇంజను ఒకటి రెండుసార్లు విపరీతముగా కాగినచో ఆ రబ్బరు గట్టిపడి పట్టు విడుచును. హెడ్డు వంగి గ్యాస్‌కెట్టు కాలుట కూడ ఆ కాగుటవల్లనే. ఇంజను కాగుటకు మనవద్ద తరచు కారణము నూర్పిడి. నూర్చునపుడు లేచిన పొట్టు, దుమ్ము రేడియేటరు రెక్కల నడుమ పట్టి గాలి ఆడనీయదు. అనగా దమ్ములో బయటపడిన జబ్బునకు విత్తనము వెనుకటి నూర్పిళ్ళలోనే పడియుండవచ్చును. నూర్పిడి రోజులలో రేడియేటరు జల్లెడను ప్రతిపూటయు దులుపవలెను.

లైనరుకు ఇంకొక శత్రువు ఉన్నది. పిస్టను తాకిడికి లైనరు సన్నగా అదురుచుండును. ఆ అదురునకు చుట్టునున్న నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి లైనరు గోడపైననే పగులును. ఒక్కొక్క పగులు సూదిపోటు వంటిది. ఏండ్లు గడచినచో ఆ పోట్లు గుంటలై, గుంటలు రంధ్రములై నీరు సిలిండరులోనికే దిగును. కూలెంటు ద్రవములోని మందులు దీనిని చాలవరకు ఆపును. "మనకు మంచు కురియదు గదా, కూలెంటు ఎందుకు?" అనువారు దీనిని గమనింపవలెను. కాలువ నీరు, సున్నము గల బోరు నీరు పోయుచుండినచో గుంటలే గాక లోపల పొలుసుకూడ కట్టి ఇంజను కాగును. అయితే కూలెంటు పోసిన ఇంజనులో అది ఆయిలులో దిగినచో వట్టి నీటికంటె చెరుపు ఎక్కువ. ఆవిరియై పోక జిగురు మడ్డియై బేరింగులకు పట్టును. అపుడు ఒక్క గంటయైనను తోలరాదు.

ఏ లైనరు కారుచున్నదో తెలియుటకు మంచి మెకానిక్కులు చేయు పరీక్ష ఒకటి చెప్పదగినది. చల్లని ఇంజనుకు చాంబరు విప్పి, క్రింద పాత వార్తాపత్రిక పరచి, రేడియేటరు మూతిద్వారా చేతిపంపుతో మూతపై వ్రాసియున్న ఒత్తిడికి మించకుండ గాలి కొట్టి నిలుపుదురు. కొంతసేపటికి కాగితముపై తడి మచ్చ ఏ లైనరు క్రింద పడినదో చూచి పని మొదలు పెట్టుదురు. ఇంజను అంతయు విప్పవలెనని మొదటనే చెప్పువానిని, "ముందు ఈ పరీక్ష చేసి చూపు" మని అడుగుట యజమాని హక్కు. రేడియేటరులో పసుపుపొడి వేసి కారుడు ఆపు చిట్కా దారిలో ఇరుక్కున్న లారీవానికి పనికివచ్చునేమో గాని, గ్యాస్‌కెట్టునకు, లైనరు రింగులకు పనికిరాదు. పసుపు పోయి సన్నని నీటిదారులను మూయును. గ్యాస్‌కెట్టు మార్చునపుడు హెడ్డు చదునుగా ఉన్నదో లేదో బద్ద పెట్టి చూపించుకొనవలెను. బోల్టులను కంపెనీ పుస్తకములోని వరుసలో, చెప్పిన బిగువునకే బిగింపించవలెను. చేతి అంచనాతో బిగించిన హెడ్డు మరల కారును.

వరదలో మునిగిన ట్రాక్టరు

2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటినపుడు, 2024 సెప్టెంబరులో విజయవాడవద్ద బుడమేరు, ఖమ్మమువద్ద మున్నేరు పొంగినపుడు ఇండ్లముందు వాహనములు నిలిచినవి నిలిచినట్లే నీట మునిగినవి. నీరు తీయగానే ఎవరికైనను మొదట కలుగు కోరిక తాళము త్రిప్పి చూచుట. ఇంజనుకు వరద చేసిన హాని కంటె ఆ తాళము త్రిప్పుటవలన జరుగు హాని పెద్దది. కారణము ఒక చిన్న లెక్కతో తేలును. ఒక సిలిండరు 850 ఘన సెంటీమీటర్లు, పీడన నిష్పత్తి 17 అనుకొందము. పిస్టను పైకి చేరినపుడు దాని నెత్తిన మిగులు చోటు సుమారు 53 ఘన సెంటీమీటర్లు మాత్రమే, ఒక చిన్న టీ గ్లాసెడు. గాలి అణగును, నీరు అణగదు. అంతకు మించి నీరు సిలిండరులో ఉన్నచో పిస్టను ఆగిపోవును, సెల్ఫు మోటారు త్రోయుచునే యుండును, కనెక్టింగ్ రాడ్డు వంగును. తోసి స్టార్టు చేయుట, మరియొక ట్రాక్టరుతో లాగి స్టార్టు చేయుట ఇంకను చెడ్డది.

కావున మునిగిన ట్రాక్టరుకు మొదట బ్యాటరీ తీగలు విప్పవలెను. నీటిగుర్తు ట్రాక్టరుపై ఎంత ఎత్తున ఉన్నదో కనిపించునట్లు ఫొటో తీసి, బీమా ఉన్నచో కంపెనీకి తెలిపిన తరువాతనే కదలింపవలెను. మునిగిన బండిని స్టార్టు చేసినందున చెడిన ఇంజనుకు పరిహారము ఇచ్చుటకు బీమా కంపెనీలు నిరాకరించుట కద్దు. నష్టపు జాబితా వ్రాయు గ్రామాధికారులు ఈ మాటను రైతులకు ముందుగానే చెప్పినచో మేలు. పిమ్మట చాంబరు ఆయిలు, డీజిలు ట్యాంకు, డీజిలు ఫిల్టర్లు అన్నియు ఖాళీ చేయించి, గాలి వడపోత తీసివేసి, నాజిళ్ళు ఊడదీయించి, ఇంజనును చేతితో నెమ్మదిగా త్రిప్పవలెను. సిలిండరులో ఉన్న నీరు నాజిలు రంధ్రములనుండి చిమ్ముకొని వచ్చును. ముఖము పెట్టి చూడరాదు. నీరు పోయినదని తేలినపుడు ఒక్కొక్క సిలిండరులో కొంచెము శుభ్రమైన ఆయిలు పోసి మరల త్రిప్పి ఉంచినచో తుప్పు పట్టదు. సముద్రపు పోటు నీటిలో మునిగినచో ఈ పనులన్నియు అదేరోజు కావలెను. ఉప్పునీరు ఒక్క రాత్రిలో గోడలను తినును.

ఆయిలు మార్చు తీరు

నీరు వచ్చిన దారి మూసిన తరువాత పాత ఆయిలును, ఫిల్టరును తీసివేసి, చాంబరు విప్పి అడుగున పేరుకొన్న మడ్డిని గుడ్డతో తుడిపించుట ఉత్తమము. తరువాత అదే గ్రేడు కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి, బరువు లేకుండ పది నిమిషములు నడిపి, వేడిగా ఉండగనే దానిని కూడ దింపివేయవలెను. సందుగొందులలో మిగిలిన నీరు దీనితో వచ్చును. రెండవసారి పోసిన ఆయిలుతో పనిలోనికి దిగవచ్చును. 35, 40 హార్సుపవరు ట్రాక్టర్లలో ఒక్కొక్క పోత ఆరేడు లీటర్లకు అటూయిటుగా ఉండును. రెండు పోతలు వృథాయని తోచినవారు క్రాంక్ షాఫ్టును లేతుపై పట్టించి బేరింగులు మార్పించు ఖర్చును, నాట్లలో పోవు పది దినములను లెక్కవేసికొనవలెను. కిరసనాయిలు పోసి ఇంజను నడిపి కడుగు ఆచారము మంచిది కాదు. కిరసనాయిలుకు జిగి లేదు. సందులలో మిగిలినది కొత్త ఆయిలునుకూడ పలుచన చేయును. రెండవ పోతను మామూలు గడువు వరకు ఉంచక 25, 30 గంటల పనికే మార్చి, అంతవరకు ప్రతి ఉదయము పుల్ల తీసి చూచుచుండవలెను. తీసిన పాత ఆయిలును కాలువలోనో బోదెలోనో పారబోయరాదు. డబ్బాకు పట్టి, పాత ఆయిలు కొని శుద్ధిచేయు అనుమతి గలవారికి చేర్చవలెను.

దమ్ము చేయు ట్రాక్టర్లకు ఇంజనుతోపాటు గేరుపెట్టె, వెనుక ఇరుసు ఆయిలులో కూడ నీరు చేరును. అక్కడ ఆయిలు పెద్దమొత్తము, లిఫ్టు పనిచేయుటయు చాల ట్రాక్టర్లలో దానితోనే. లిఫ్టు కుదుపులతో లేచుట, పుల్లకు పాలరంగు అంటుట దీని గుర్తులు. క్లచ్చి గూడు అడుగున ఒక చిన్న రంధ్రము ఉండును. దమ్ముకు దిగుటకు ముందు కంపెనీ ఇచ్చిన బిరడాతో దానిని మూసి, దమ్ము ముగిసిన వెంటనే తీసివేయవలెను. మూయనిచో బురదనీరు క్లచ్చిలో చేరును. తీయనిచో లోపల కారిన ఆయిలు బయటికి రాక క్లచ్చి ప్లేట్లు తడిసి జారును. ఈ బిరడా చాల ట్రాక్టర్లకు కొన్ననాటినుండి పనిముట్ల సంచిలోనే పడియుండును.

మాగాణికని కొత్త ట్రాక్టరు కొనువారు హార్సుపవరుతోపాటు ఇంకొకటి అడుగవచ్చును. కేంద్ర ప్రభుత్వపు పరీక్షా సంస్థలు ట్రాక్టర్లను బురదపొలములో నడిపి, తరువాత క్లచ్చి, బ్రేకు గూళ్ళు, ముందు ఇరుసు విప్పి, బురదగాని నీరుగాని చేరినదా అని చూచి ఆ సంగతిని పరీక్షా నివేదికలలో వ్రాయుదురు. డీలరును ఆ నివేదిక చూపుమని అడిగినచో తెలియును. అట్టి సంస్థ మన రాష్ట్రములోనే అనంతపురము జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. అక్కడ రైతులకు, డ్రైవర్లకు ట్రాక్టరు వాడకము, మరమ్మతులలో శిక్షణ ఇత్తురు. ఇక ఇప్పటికే ఉన్న ట్రాక్టరుకు లైనరు రింగులు, ఇరుసు సీళ్ళు చూపించుటకు అనువైన సమయము దాళ్వా నూర్పిళ్ళు ముగిసి కాలువలు కట్టివేసిన వేసవి రోజులు. అప్పుడు మెకానిక్కునకు తీరిక ఉండును, విడిభాగము రాజమండ్రినుండియో విజయవాడనుండియో వచ్చువరకు ఆగుటకు మనకును వీలుండును.